బోర్డు లేని చిక్కుడు

పెరట్లో కలుపు పీకడానికి అనుమతి అడగాలని ఈ భూమ్మీద మావారికి తప్ప ఇంకెవరికీ తట్టదు. ఆయనకి తట్టింది, అడిగారు. తర్వాత జరిగినదంతా ఆ అడగడంలోంచే వచ్చింది.

మావారు ఉపనదుల అభివృద్ధి మండలిలో సూపరింటెండెంటు. మా చుట్టుపక్కల ఉపనది ఏదీ లేదు. పని అడ్డం రాకుండా ప్రశాంతంగా ఆలోచించుకోవచ్చని మండలి కార్యాలయాన్ని ఇక్కడ పెట్టారట. కార్యాలయం వెనక మా క్వార్టర్లు, క్వార్టర్ల వెనక ప్రహరీగోడ దాకా కొంత జాగా. ఒకప్పుడు ఎవరో అక్కడ వంగా బెండా పండించుకునేవారని చెబుతారు. మేం వచ్చేనాటికి నడుమెత్తున వయ్యారిభామ, దాని సందుల్లో ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, వాకుడు. కాలు పెడితే పల్లేరు కాయలు. చీర కుచ్చిళ్ళకి అంటుకున్న ఉత్తరేణి గింజలు ఏరుకోవడానికే ఒక పూట పట్టేది.

మా అత్తగారు సూరాయమ్మగారు కిందటేడు మా దగ్గరికి వచ్చేశారు. బైపాస్ రోడ్డు ఆవిడ ఇంటి మీదుగా పోయింది. ఇల్లు పోయినందుకు ఆవిడ పెద్దగా బాధపడలేదు, ఎలాగూ కురుస్తోందిట. పెరట్లో చిక్కుడు పందిరి పోయినందుకు మాత్రం నాలుగు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. వస్తూ వస్తూ ఒక సత్తు డబ్బాలో బూడిద కలిపి గుప్పెడు చిక్కుడు గింజలు తెచ్చుకున్నారు. అరచెయ్యంత కాయ, అంచున వంకాయ రంగు గీత. ఆవిడ అత్తగారు కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ పెరట్లో కాసిన రకం. బజార్లో దొరకదు. ఇప్పుడు ఆ డబ్బాలో తప్ప ఎక్కడా లేదు.

"కిందటేడు పెట్టలేదు. ఈ ఏడు కూడా పెట్టకపోతే ఇంక మొలవ్వే అమ్మాయ్. చిక్కుడు గింజ మీ ఆయన ఫైలు కాదు, ఎన్నేళ్ళయినా అలా పడుండటానికి," అన్నారు.

"కుండీలో పెడదామా అత్తయ్యా?" అన్నాను.

"ఏనుగుని కొని బాత్రూంలో కట్టేస్తావా?"

దాంతో గంగరత్నాన్ని పిలిపించాను. గంగరత్నం ఊళ్ళో అందరి పెరళ్ళూ బాగుచేసే మనిషి. కొడవలీ బొరిగా తెచ్చుకుని పొద్దున్నే దిగింది. నేనూ కొంగు దోపి దిగాను. మధ్యాహ్నానికి ఒక పెళ్ళి పందిరి చాపంత మేర నేల బయటపడింది. మట్టి నల్లగా ఉంది. అత్తగారు వంగి గుప్పెడు తీసి నలిపి, వాసన చూసి, "పండుద్ది," అన్నారు.

భోజనానికి వచ్చిన మావారు అది చూసి చేతులు కడుక్కోవడం మర్చిపోయారు.

"ఏమిటిది రాజ్యం? ఇది మండలి స్థలం. మండలి స్థలంలో మొలిచిందేదైనా మండలి ఆస్తే."

"కలుపు కూడానా?"

"కలుపని మనం అనుకుంటున్నాం. కార్యాలయం ఏమనుకుంటోందో తెలుసుకోవద్దూ?"

"ఆళ్ళకేం తెలుసురా?" అన్నారు అత్తగారు.

"అందుకేనమ్మా, మనం చెబితేగాని తెలీదు," అని ఆయన ఆ సాయంత్రమే దరఖాస్తు రాసి ఇచ్చేశారు.

* * *

మర్నాడు కార్యదర్శి చిదానందంగారు స్వయంగా వచ్చారు. ఆయన మాట్లాడినా ఉత్తరువు లాగే ఉంటుంది. ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా "దాహ నివారణకు తగు చర్య తీసుకొనవలెను" అంటారని ఆయన భార్యే నాతో చెప్పింది. వెనక నలుగురు గుమస్తాలు వచ్చారు.

వయ్యారిభామ ముందు ఆయన చాలాసేపు నిలబడ్డారు. కళ్ళు చెమర్చాయి. అది ఆ మొక్క పుప్పొడి వల్ల అని నేను తర్వాత గ్రహించాను.

సంగతేమిటంటే, దసరాలోగా ప్రతి కార్యాలయమూ తన ఆవరణలో ఒక ఔషధ వనం పెంచాలని పైనుంచి ఆదేశం వచ్చింది. మిగతా కార్యాలయాల వాళ్ళు మొక్కల కోసం నర్సరీల చుట్టూ తిరుగుతున్నారు. మావారి దరఖాస్తులో మొక్కల పేర్లన్నీ వరసగా ఉన్నాయి, ఆయనకి ఏ పనైనా సమగ్రంగా చేయడం అలవాటు. అది చదివిన చిదానందంగారికి ఒక్కసారి తెలిసొచ్చింది: వీటిలో ప్రతిదీ ఏదో ఒక జబ్బుకి మందే.

"సూపరింటెండెంటుగారూ! ఆదేశము వెలువడుటకు పూర్వమే ప్రకృతి దానిని అమలుపరచినది. ఇట్టి స్వయంభూ వనమును ఉన్మూలనము గావించుటకు మీరు అనుమతి కోరుచున్నారా?"

"నేను కాదండి, మా అమ్మ..." అన్నారు మావారు.

"మాతృమూర్తిని ఈ పర్యాయము క్షమించడమైనది. పెరికిన వాటినన్నిటినీ యథాస్థానమునందు పునఃప్రతిష్ఠించవలెను."

గుమస్తాలు రాసుకున్నారు. గంగరత్నం గట్టు పక్కన కుప్పేసిన కలుపు వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఏంటండమ్మగారూ, మళ్ళీ నాటమంటన్నారా?"

"అవునుట."

"ఇన్నేళ్ళూ పీకినందుకు కూలిచ్చారు. ఇప్పుడు నాటినందుకిత్తారు. రేపీటికి పురుళ్ళు కూడా పొయ్యాలేటండి?"

అయినా నాటింది. పల్లేరు నాటినప్పుడు మాత్రం ఆదేశం ఇచ్చినవాళ్ళ వంశాన్ని తలుచుకుంది.

* * *

వారం తిరిగేసరికి వనానికి బోర్డులు వచ్చాయి. ఆకుపచ్చ రేకు మీద తెల్ల అక్షరాలు. తెలుగు పేర్లు రాస్తే కలుపులా ఉంటుందని కార్యదర్శిగారు అన్నిటికీ సంస్కృతం పేర్లు పెట్టించారు. ఉత్తరేణి అపామార్గం అయింది. ఉమ్మెత్త దత్తూరం. జిల్లేడు అర్కం. గరికపోచ దూర్వ. వాకుడు బృహతి. వయ్యారిభామ విదేశాల నుంచి వచ్చింది కాబట్టి దానికి సంస్కృతం పేరు లేదు. దాన్ని అలా వదిలేయడం అన్యాయమని ఒక ఉపసంఘం కూర్చుని "విలాసిని" అని నామకరణం చేసింది. కింద "ఉపయోగములు: పరిశోధనలో ఉన్నవి" అని రాయించారు.

మావారిని వన సంరక్షకుడిగా వేశారు. ఆయన పొద్దున్నా సాయంత్రం విలాసిని పక్కన నిలబడి తుమ్మేవారు. తుమ్ములు చూసి కార్యదర్శిగారు, "ఔషధము పనిచేయుచున్నది," అని సంతోషించారు.

ఒకరోజు జిల్లేడు కింద పాము కనబడింది. చంపుదామని కాపలాదారు కర్ర తెస్తే కార్యదర్శిగారు ఆపారు. విషం కూడా ఔషధమేనట. దానికీ ఒక బోర్డు రాయించారు. అది ఒకచోట ఉండదు కదా, బోర్డెక్కడ పాతాలని మావారు అడిగారు. ఆ అంశం పరిశీలనకు వెళ్ళింది. ఆ బోర్డు మా వరండాలో గోడకి ఆనించి పెట్టారు. మా ఇంటికి వచ్చిన చుట్టాలు అది చదివి లోపలికి రావడానికి కొంచెం ఆలోచించేవారు.

అసలు గండం నీళ్ళతో వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చెంబుడు నీళ్ళు పోయని ఆ మొక్కలకి రెండు పూటలా గొట్టంతో నీళ్ళు పెట్టడం మొదలుపెట్టారు. యూరియా వేశారు. పది రోజుల్లో అపామార్గం పసుపుపచ్చగా తిరిగింది, బృహతి తల వాల్చేసింది. కార్యాలయంలో కలకలం. సమావేశం పెట్టారు. ఈ మొక్కలు ఇన్నాళ్ళూ ఎలా బతికాయన్న ప్రశ్న లేచింది. "ఎవరూ పట్టించుకోక" అని మావారు నిజం చెప్పారు.

దాని మీద ఉత్తరువు వచ్చింది. "వనమును ఇకమీదట క్రమశిక్షణతో నిర్లక్ష్యము చేయవలెను. నిర్లక్ష్యము జరుగుచున్నదీ లేనిదీ సంరక్షకుడు ప్రతిదినము స్వయముగా తనిఖీ చేసి నివేదించవలెను."

మావారు రోజూ పొద్దున్నే ఇస్త్రీ బట్టలు కట్టుకుని వెళ్ళి వనాన్ని నిర్లక్ష్యం చేసి వచ్చేవారు. "నిన్నటి దినము కూడా నిర్లక్ష్యము సక్రమముగా జరిగినది" అని రాసి సంతకం పెట్టేవారు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆయన పని మీద ఒక్క ఫిర్యాదు కూడా రానిది ఈ ఒక్క బాధ్యతలోనే.

మండలి ఆసుపత్రి డాక్టరు ఇమ్మానుయేలుగారికి కూడా కాగితం వెళ్ళింది. రోగులకి వనంలోని మందులే రాయాలి. ఆయన చదివింది ఇంగ్లీషు వైద్యం. నెమ్మదస్తుడు. ఏ జబ్బుతో వెళ్ళినా చీటీ మీద "అపామార్గ కాష్ఠముతో దంతధావనము" అని రాసి, సొరుగులోంచి అసలు మాత్రలు తీసి చేతిలో పెట్టేవారు. గుమస్తా ఒకతను కాలు విరిగి వెళ్తే కూడా పళ్ళు తోముకోమనే రాశారు. ఎముకలవాళ్ళ దగ్గరికి పొమ్మని చెవిలో చెప్పారు.

* * *

ఈలోగా ఆషాఢం పోయింది. శ్రావణం సగమైంది. అత్తగారు డబ్బా తీసి గింజలు చేటలో పోసుకుని పురుగు పట్టినవి ఏరేవారు. ప్రతిసారీ కొన్ని తగ్గేవి. చిక్కుడు శ్రావణంలో పెట్టాలి, మహా అయితే భాద్రపదంలో. తర్వాత పెడితే తీగ పాకే వేళకే చలి పట్టుకుంటుంది. ఆవిడ చేట మీదినుంచి తలెత్తి మబ్బు చూసి, వనం వైపు చూసి, ఏమీ అనకుండా మళ్ళీ డబ్బా మూత పెట్టేవారు. అనకుండా ఉండటం ఆవిడ స్వభావం కాదు. నాకు భయం వేసింది.

చివరికి ఆవిడే కార్యదర్శిగారి గదికి వెళ్ళారు. వెంట నేను.

"బాబూ, ఆ గోడవార ఒక్క మూల ఇప్పించు. మూడు పాదులు పెట్టుకుంటాను. పందిరి గుంజలు నేనే తెచ్చుకుంటాను. కాయలు మీ ఇంటిక్కూడా పంపుతాను."

చిదానందంగారు ఆవిణ్ణి కూర్చోమని మర్యాదగానే అన్నారు. "అమ్మా, చిక్కుడు అనునది ఆహారము. ఇది ఔషధ వనము. ఔషధ వనమున ఆహారము మొలచుట పరిపాలనాపరమైన ఉల్లంఘన. ఆహారమునకు వేరే శాఖ కలదు."

"ఆ శాఖ ఎక్కడుంది బాబూ?"

"రాజధానిలో."

"అక్కడ పందిరి వేస్తే కాయలు కోసుకోడానికి రోజూ నేను రైలెక్కాలా?"

దానికి ఆయన దగ్గర ఉత్తరువేదీ లేదు. నవ్వి నమస్కారం పెట్టారు.

బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయారు అత్తగారు. "గింజలున్నాయి. మట్టుంది. వానుంది. మొలవడానికి ఇంకేం కావాలే అమ్మాయ్?" అన్నారు. అడిగినట్టు లేదు.

* * *

వినాయక చవితి ముందు రోజు మధ్యాహ్నం పక్క క్వార్టర్లో ఉండే హైమవతి పూజ పుస్తకం పట్టుకుని మా వెనకవైపుకి వచ్చింది. ఏటేటా బజార్లో పత్రి పేరుతో ఏ ఆకు కట్ట కడితే అది తెచ్చుకుని, పుస్తకంలో ఇరవై ఒక్క పేర్లూ చదువుతూ అవే ఆకులు వేసేయడం మా అందరికీ అలవాటు. అపామార్గ పత్రం అంటే ఏమిటో, బృహతీ పత్రం ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలీదు. దేవుడికి తెలుసు కదా, సర్దుకుంటాడని మా ధైర్యం.

హైమవతి పుస్తకంలోకి చూసింది, బోర్డు చూసింది. మళ్ళీ పుస్తకం చూసింది.

"రాజ్యం! అపామార్గ పత్రం పూజయామి! ఇదేనే అదీ!" అని అరిచింది. "దత్తూర పత్రం... అయ్యబాబోయ్, అదుగో. అర్క పత్రం, దూర్వాయుగ్మం... ఒసేయ్, పేర్లు కూడా రాసి పెట్టారే!"

ఆ కేకకి క్వార్టర్లన్నీ బయటికొచ్చాయి. గంటలో వీధి వచ్చింది. సాయంత్రానికి ఊరు వచ్చింది. ఇన్నేళ్ళకి అసలైన పత్రి, అదీ ప్రభుత్వం వారు ధ్రువీకరించి బోర్డులు పెట్టిన పత్రి దొరికిందని జనం గేటు దగ్గర చెప్పులు విడిచి మరీ లోపలికి వచ్చారు. ఆకులు కోసినవాళ్ళు కొందరే. రేపటికి వాడిపోకుండా ఉంటుందని వేళ్ళతో పీకినవాళ్ళు ఎక్కువ. బజార్లో పత్రి అమ్మేవాళ్ళకి కబురు తెలిసి గోనెసంచులతో దిగారు. పెద్ద పెద్ద మనుషులు కూడా కళ్ళకద్దుకుని పల్లేరు పీకడం ఆ రోజు చూశాను.

"విలాసిని పుస్తకంలో లేదే?" అన్నదొకావిడ.

"సంస్కృతం పేరుంది కదండీ, మనకెందుకొచ్చిన సందేహం, పీకండి," అన్నది ఇంకొకావిడ. వయ్యారిభామ అంతా అలా దేవుడి ఖాతాలో పోయింది. ఊళ్ళో ఆ చవితికి వ్రతకథ మధ్యలో ప్రతి ఇంట్లోనూ తుమ్ములేనట.

కాపలాదారు పరుగెత్తి వెళ్ళి కార్యదర్శిగారిని తీసుకొచ్చాడు. ఆయన గేటులోకి వస్తూనే చెయ్యెత్తారు. అందరూ ఆగారు. మా అత్తగారు చేతిలో గరిక కట్టతో ఎదురెళ్ళారు.

"రండి బాబూ. వినాయకుడి పూజకి పత్రి కోయడానికి వీల్లేదని మీ నోటితో ఒక్క మాటనండి, నేను అందరినీ పంపించేస్తాను."

చిదానందంగారు జనం వైపు చూశారు. ఎత్తిన చెయ్యి మెల్లగా దీవెన భంగిమలోకి వచ్చింది.

"ప్రజల భక్తిభావమునకు మండలి అవరోధము కాజాలదు," అన్నారు. అత్తగారి వైపు వంగి, గొంతు తగ్గించి, "మా ఇంటికిని ఒక కట్ట..." అన్నారు.

* * *

చవితి వెళ్ళిన మర్నాడు వనంలో బోర్డులు మాత్రమే నిలబడి ఉన్నాయి. మిగతాదంతా నేల. జిల్లేడు మోళ్ళు రెండు, అక్కడక్కడ తుంగ.

గంగరత్నం నడుమ్మీద చేతులు పెట్టుకుని చూసింది. "దేవుడు బలే పనోడండమ్మగారూ. కూలి కూడా అడగలేదు. తుంగొక్కటీ వదిలేశాడు, అది ఆయన వల్ల కూడా అవదు."

ముగ్గురం దిగాం. తుంగ పైన కోస్తే లాభం లేదు, కింద గడ్డ నుంచి మళ్ళీ లేస్తుంది. పారతో లోతుగా తిరగవేసి, గడ్డలు ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేశాం. ఆ గడ్డల వాసన నా గోళ్ళలో చాలా రోజులు ఉండిపోయింది. గోడవార మూడు గుంటలు తవ్వి, మాగిన పెంట కలిపి, ఒక వాన తడవనిచ్చాం. అత్తగారు గింజలు రాత్రి నానబెట్టి తెచ్చారు. డబ్బా పూర్తిగా ఖాళీ. గుంటకి నాలుగేసి పెట్టి, మట్టి కప్పి, ఎవరికీ వినబడకుండా ఏదో అన్నారు.

మావారిని మాత్రం అనుమతి అడగనివ్వలేదు. "నిర్లక్ష్యం చెయ్యడం మీ ఉద్యోగం కదా, చెయ్యండి," అన్నాను.

కొన్ని గింజలు మట్టిలోనే కుళ్ళిపోయాయి. ఒక గుంటలో ఏమీ రాలేదు. మిగతా రెండింటిలో కలిపి ఐదు మొలిచాయి. అత్తగారు ఆ ఐదింటికీ ఎండుకొమ్మలు పాతి, జేనెడు ఎదిగేసరికి పందిరి కూడా వేయించేశారు.

అప్పుడు చిదానందంగారు తనిఖీకి వచ్చారు. దసరా దగ్గరపడింది, రాజధాని నుంచి ప్రధాన పర్యవేక్షకులు వస్తున్నారు. ఖాళీ నేల గురించి ఆయన బాధపడలేదు. "ఔషధములు సమూలముగా సేకరించి ప్రజలకు పంపిణీ చేయబడినవి" అని ముందే రాసేసుకున్నారు. చిక్కుడు తీగల దగ్గర మాత్రం ఆగిపోయారు.

"ఇదేమి?"

"చిక్కుడండి," అన్నారు మావారు. ఆయనకి అబద్ధం రాదు.

"బోర్డు కలదా?"

"లేదండి."

"ఔషధ వనములో బోర్డు లేని మొక్కను ఏమందురు?"

మావారు చుట్టూ ఉన్న బోర్డులన్నీ ఒకసారి చూసుకున్నారు.

"కలుపు అందురు. తక్షణమే తీయించవలెను."

గుమస్తా గంగరత్నాన్ని పిలుచుకొచ్చాడు. ఆమె వచ్చింది గానీ చెయ్యి ముందుకి రాలేదు. "నా వల్ల కాదండి. మొలిచిన పాదు పీకితే చేతులు పడిపోతాయి," అని బొరిగ కింద పెట్టేసింది. కాపలాదారు ముందుకి కదిలాడు. అత్తగారు పందిరి కిందికి వెళ్ళి గుంజ పట్టుకుని నిలబడ్డారు.

"ఇది కూడా మందే బాబూ," అన్నారు.

"ఏ వ్యాధికి?"

"ఆకలికి."

"ఆకలి వ్యాధుల జాబితాలో లేదు."

నేను అప్పటికే ఆసుపత్రి వైపు పరుగెత్తాను. డాక్టరుగారిని చేతిలో స్టెతస్కోపుతో సహా లాక్కొచ్చాను. విషయం వినగానే మూలికల మీద కార్యాలయం వారు ఇచ్చిన లావు పుస్తకం కూడా ఆయన చంకలో పెట్టుకొచ్చారు. ఆయన ఒక తీగ ఆకు పట్టుకుని, నాడి చూస్తున్నట్టు కాసేపు ఊరుకుని, పుస్తకం తిరగేశారు.

"ఉందండి. నిష్పావం. శాస్త్రంలో పేరు ఉంది."

చిదానందంగారి మొహం కొంచెం విప్పారింది. "సంస్కృతమే. ఏమి చేయును?"

డాక్టరుగారు ఇబ్బందిగా నా వైపు చూశారు. ఆయనకీ అబద్ధం రాదు. "వాతం చేస్తుందని రాశారండి."

కాపలాదారు ఇంకో అడుగు ముందుకి వేశాడు.

"చేయనిండు," అన్నారు కార్యదర్శిగారు. "ఏదో ఒకటి చేయుచున్నది. మిగిలినవి ఏమియు చేయలేదు."

మూడో రోజుకి ఆకుపచ్చ రేకు మీద "నిష్పావము" అని బోర్డు వచ్చింది. దాని కిందే ఇంకో రేకు: "ప్రభుత్వ ఔషధము. కోసినవారు శిక్షార్హులు."

* * *

పర్యవేక్షకులు వచ్చి, బోర్డుకింద మొక్క కూడా ఉన్న ఔషధ వనం ఈ పర్యటన మొత్తంలో ఇదొక్కటే చూశానని మెచ్చుకుని వెళ్ళారు. చలి మొదలయ్యేసరికి పందిరి నిండింది. ఊదా పూలు, తర్వాత గుత్తులు. అరచెయ్యంత కాయలు, అంచున వంకాయ రంగు గీత. అత్తగారు రోజూ కింద నిలబడి చూసేవారు. పెట్టింది ఆవిడ, కాసింది ఆవిడ మొక్క. కోయడానికి వీల్లేదు.

దారి డాక్టరుగారే చూపించారు. ఔషధం కదా, చీటీ ఉంటే ఇవ్వాలి. మొదటి చీటీ అత్తగారికి రాశారు: "నిష్పావ ఫలములు, పావుకిలో, అల్లము పచ్చిమిర్చితో, అన్నములో." కాంపౌండరు తూచి, పొట్లం కట్టి, రెండు పూటలా భోజనంతో అని చెప్పి ఇచ్చాడు. ఆ వారం నుంచి క్వార్టర్లలో అందరికీ నలతే. హైమవతి తనకి అల్లం పడదని, కొబ్బరితో రాయమని బతిమాలింది. చిదానందంగారికి దీర్ఘవ్యాధి అని వారానికి రెండు పొట్లాలు.

శివరాత్రి దాటాక ఆకు రాలింది. అత్తగారు పట్టుబట్టి విత్తనానికని పైన వదిలేయించిన కాయలు పందిరి మీద గలగలమంటూ ఎండాయి. ఆవిడ అసలు ఎదురుచూసింది వాటికోసం. వాటిని దించుదామనుకుంటున్న రోజునే ఉత్తరువు వచ్చింది. కాలం తీరిన ఔషధములను సేకరించి, సీలు వేసి, రికార్డు గదిలో శాశ్వతముగా భద్రపరచవలెను. ఎండుకాయలన్నీ గోతంలో పోసి కార్యాలయానికి మోసుకుపోయారు. రికార్డు గదిలో ఏది భద్రపరిచినా తర్వాత భద్రంగా ఉండేవి ఎలకలే.

అత్తగారు ఆ రోజు ఏడవలేదు, తిట్టలేదు. చీర మార్చుకుని, "పద అమ్మాయ్, నాకు ఒంట్లో బాలేదు," అన్నారు.

ఆసుపత్రిలో డాక్టరుగారు, "ఏంటి మామ్మగారూ, ఎక్కడ నొప్పి?" అన్నారు.

"ఎక్కడని చెప్పను నాయనా. గోతాం ఆ గదిలోకి వెళ్ళినప్పట్నించీ."

ఆయన కలం మూత తీశారు. కిటికీలోంచి ఖాళీ పందిరి కనిపిస్తోంది. తర్వాత ఎప్పటికంటే నిదానంగా, గుండ్రంగా, ఎవరూ తప్పు పట్టలేని అక్షరాల్లో రాశారు. కాంపౌండరు ఆ చీటీ పట్టుకుని రికార్డు గదికి వెళ్ళాడు. సీలు విప్పడానికి కార్యదర్శిగారే రావాల్సి వచ్చింది. ఆయన చీటీ రెండుసార్లు చదివారు. మందు పేరు సంస్కృతంలో ఉంది, సంతకం ఉంది, ముద్ర ఉంది. దేనికీ లోటు లేదు. సీలు విప్పమన్నారు.

"నిష్పావ బీజములు, ఒక గుప్పెడు. బాహ్య ప్రయోగము మాత్రమే, లోపలికి పుచ్చుకొనరాదు. పశువుల పెంటతో కలిపిన మట్టిలో బెత్తెడు లోతున ఉంచవలెను. వేళ: వానలు పడిన తర్వాత. మోతాదు: ఏటా."